పాడె మోసిన భుజం

సాలూరులో మేనత్తకు మరోసారి ఫోన్ చెయ్యాలి. నెల్లిమర్ల టెంట్‌హౌస్ వాడు సోమవారం పొద్దుగూకేలోగా షామియానా దించాలి. వంటకు ఇద్దరు మనుషుల్ని మాట్లాడాలి. బియ్యం ఆడించాలి. కొత్త కుండలు నాలుగు, నువ్వులు, దర్భలు, గుమ్మడికాయ తేవాలి. మంగలికి చెప్పాలి. సుభద్రమ్మకు ఇష్టం కాబట్టి ఎండు నెత్తళ్ళు వేయించి ఒక విస్తట్లో విడిగా పెట్టాలి. కర్తకు కొత్త పంచె, తువ్వాలు.

పోతురాజు అరుగు మీద గొంతుక్కూర్చుని ఒక్కొక్క వేలే మడుస్తూ చెబుతుంటే కుమారి పాత నోట్‌బుక్కులో రాసుకుంటోంది. ఆయన ఆమె తండ్రికి పెదనాన్న కొడుకు. ఆ వీధిలో చావైనా పెళ్ళైనా ఆయన మాట మీదే నడుస్తుంది. కుమారి మామ్మ సుభద్రమ్మ పోయి ఇవాళ్టికి ఆరోరోజు. పెద్దదినం వచ్చే మంగళవారం.

“ఇప్పుడు సదువమ్మా. ఏటైనా మర్సిపోనామేటో సూద్దాం” అన్నాడు పోతురాజు.

కుమారి మొదటినుంచీ చదివింది. పంచె, తువ్వాలు అయ్యాక, ఆయన చెప్పకుండా తనే రాసుకున్న మాట ఒకటి అదే గొంతుతో చదివింది.

“ఈరోజు నానని కరెంటుకి తీసుకెళ్ళాలి.”

లోపల చీపురు చప్పుడు ఆగిపోయింది. ఊడుస్తున్న దేముడమ్మ, కుమారి తల్లి, వంచిన నడుం ఎత్తకుండానే ఉండిపోయింది. తమ్ముడు గిరిబాబు ఫోన్‌లోంచి తలెత్తి అక్క వంక చూసి మళ్ళీ దించుకున్నాడు.

పోతురాజు మడిచిన వేళ్ళు నెమ్మదిగా విప్పుకున్నాడు.

“అది మంగళారం తరవాత రాసుకోవే” అన్నాడు.

కరెంటంటే ఆ ఇంట్లో అందరికీ ఒకటే అర్థం. కుమారి తండ్రి అప్పలసూరి కుడిభుజం మీద నాలుగేళ్ళుగా పెరిగిన పుండును విశాఖపట్నం ఆస్పత్రిలో కత్తి పెట్టకుండా అణచడానికి పెడుతున్న రేడియేషన్ వైద్యం. చిన్నప్పుడు బెల్లం పాకం చింది ఆయన భుజం కాలింది. ఆ మచ్చ మీదే కావిడి ఆనించి ఆయన ముప్పై ఏళ్ళు వరి మోపులు మోశాడు. అక్కడ కాయ కట్టింది. కావిడి కాయ లేని మగవాడు ఆ ఊళ్ళో లేడు గనక ఎవరూ పట్టించుకోలేదు. ఒక ఏడు ఆ కాయ పగిలింది. మరుసటి ఏడు రసి కారింది. తరువాత అంచులు లేచి కాలీఫ్లవర్ పువ్వులా విచ్చుకుంది. అరచెయ్యి కప్పితే మూతపడనంత అయ్యేదాకా ఆయన దాన్ని ఊళ్ళో ఎవరి కంటా పడకుండా కండువా కింద దాచుకున్నాడు.

చర్మం కేన్సరని తేలాక ఒక పెద్ద డాక్టరు భుజంతో సహా చెయ్యి తీసెయ్యాలన్నాడు. అప్పలసూరి చొక్కా తొడుక్కుని బయటికి వచ్చేశాడు. తరువాత అనిత అనే డాక్టరమ్మ చూసి, చెయ్యి తియ్యకుండా కరెంటుతో ప్రయత్నిద్దామంది. ముప్పైమూడు సిట్టింగులు. వారానికి అయిదు. మధ్యలో మానకూడదు.

పందొమ్మిది అయ్యాయి. పదో సిట్టింగుకు వాసన పోయింది. పదిహేనో దానికి అంచులు కుంగాయి. ఆ వాసనకు సిగ్గుపడి రెండేళ్ళుగా పశువులసాలలో ఒక్కడూ కూర్చుని తింటున్న మనిషి, కిందటి శుక్రవారం ఊరికి వచ్చి అందరితోపాటు వరసలో కూర్చుని అన్నం తిన్నాడు. సుభద్రమ్మ గుమ్మానికి ఆనుకుని కొడుకు కలుపుకున్న ప్రతి ముద్దా చూసింది. శనివారం తెల్లవారేసరికి ఆవిడ లేదు.

సోమ, మంగళ, బుధవారాల సిట్టింగులు మూడూ పోయాయి. కరెంటు పెట్టే త్రినాథ్ రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. నిన్న డాక్టరమ్మే మాట్లాడింది. మూడు పోతే ఎలాగో సర్దుతాను, మంగళవారం దాకా ఆగితే ఏడు పోతాయి, కుంగిన జబ్బు మళ్ళీ ఊపిరి తీసుకుంటుంది, అప్పుడు నేను మాట ఇవ్వలేను అంది. గురువారం రెండు గంటలకు చోటు ఉంచుతానంది.

ఇవాళ గురువారం. కుమారి ఇదంతా పోతురాజుకు వివరంగా చెప్పింది. ఆమె విజయనగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతుంది. పిల్లలకు చెప్పినట్టే, అర్థమయ్యేదాకా, మాట మీద మాట పేర్చి చెప్పింది. ఆయన అడ్డు రాకుండా విన్నాడు. విని, కర్త పదకొండు దినాలూ పొలిమేర దాటకూడదన్నాడు. దాటినవాడు పిండం ముట్టడానికి పనికిరాడన్నాడు.

“గిరిబాబు కూర్చుంటాడు పెదనానా. మనవడు పెట్టకూడదా” అంది కుమారి.

“కలకటేరమ్మగోరూ, కడుపున పుట్టినోడు గుమ్మంలో ఉండగా మనవడు పెడితే ఆ ముసల్ది తింటాదేటి. మీ మామ్మ సంగతి నీకు తెల్దా. బతికున్నపుడే కోడలు వడ్డిస్తే ఉప్పు సాల్లేదనీది.”

గిరిబాబుకు నవ్వు రాబోయి ఆగిపోయింది. పోతురాజు కూడా నవ్వలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, అంతవరకూ ఆ ఇంట్లో ఎవరికీ చెప్పని మాట చెప్పాడు. ఆయన తల్లి పోయినప్పుడు ఆయన లారీ మీద ఒడిశా అడవుల్లో ఉన్నాడు. కబురు అందేసరికే పెద్దదినం దాటిపోయింది. ముద్ద ఎవరో పెట్టారు.

“పాతికేళ్ళు అయిపోనాది. నేటికీ అన్నం కలిపితే ముందు అదే గుర్తొస్తాది. మీ నానకి ఆ గతి ఒద్దనే నా బాధ. నాను మీకు పగోడిని కానమ్మా.”

కుమారి నోట్‌బుక్కు మూసి లోపలికి వెళ్ళింది.

దేముడమ్మ వంటింట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. కూతురు వచ్చి ఎదురుగా కూర్చున్నా తలెత్తలేదు. నువ్వు చెప్తే నాన వింటాడమ్మా అంది కుమారి. దేముడమ్మ పిక్క తీసి పక్కన పెట్టింది. ఆయన ఒక్కడికి జబ్బు కాదు, మనందరికీ అంది కుమారి. ఇంకో పిక్క. చివరికి నువ్వు కూడా పెదనాన పక్షమేనా అని అడిగింది.

తల్లి చింతపండు పక్కకు నెట్టింది.

“ఆ భుజం ఓ పాలి సూడు ముందు. ఆ తరవాత ఎవుల పక్షం ఏటో మాటాడుదుము.”

నాలుగేళ్ళూ ఆ పుండు కడిగింది సుభద్రమ్మే. వేపాకు నీళ్ళు కాచి, మెత్తని పాత కోక చింపి, ఈగలు వాలకుండా విసురుతూ కడిగేది. ఆస్పత్రిలో నర్సులు కడిగేవారు. ఇంట్లో ఇంకెవరినీ అప్పలసూరి ముట్టనిచ్చేవాడు కాదు. తల్లి పోయిన దగ్గర్నుంచి తనే నూతి దగ్గర తువ్వాలు ఉతుక్కుని తనే ఆరేసుకుంటున్నాడు. ఆ తువ్వాలు మీద నెత్తుటి మరకలు దేముడమ్మ చూసింది. చూసినట్టు ఆయనకు చెప్పలేదు.

కుమారి దూదీ గాజుగుడ్డా సెలైన్ సీసా పట్టుకుని పశువులసాలలోకి వెళ్ళింది. అప్పలసూరి తాటాకు చాప మీద ఎడమపక్కకు ఒరిగి ఉన్నాడు. ఆరు రోజుల గడ్డం తెల్లగా పెరిగింది. మెడలో కర్త తువ్వాలు. కూతురి చేతుల్లో ఉన్నవి చూసి వద్దన్నాడు. ఆమె కదల్లేదు. చివరికి ఆయనే లేచి కూర్చుని వీపు ఇటు తిప్పాడు.

కుమారి కట్టు తీసింది. పందొమ్మిది సిట్టింగులతో మానుకొస్తున్న చర్మం అడ్డంగా, వెదురు బొంగు వెడల్పున చిట్లిపోయి ఉంది. చుట్టూ వాచి ఎర్రగా కందింది. కరెంటు ఎక్కడ పడాలో తెలియడానికి త్రినాథ్ గీసిన ఊదారంగు గీతలు, స్నానానికి కూడా తడపవద్దని వందసార్లు చెప్పిన గీతలు, ఒక్కటీ లేవు.

“పాడె ఈ భుజానికి మోసేవా నానా. ఎడమ భుజానికే మొయ్యమని చెప్పేను కదా.”

“ఎడమ పక్కే ఎత్తుకున్నానే” అన్నాడు అప్పలసూరి. “దింపుడు కళ్ళం కాడ దించి మూడుసార్లు పేరెట్టి పిలిసేం. పలకలేదు. మళ్ళీ ఎత్తినపుడు పక్కలు మారాల గదా. కుడికొచ్చింది.”

“ఇంకొకరికి ఇవ్వలేకపోయేవా.”

“మా అమ్మని ఎవులికిచ్చీది.”

అక్కడినుంచి వల్లకాడుదాకా ఫర్లాంగు దూరం. ఆ తరువాత చెరువులో మూడు మునకలు. గీతలు ఎక్కడ పోయాయో ఇక అడగనక్కర్లేదు. ఆడవాళ్ళు వీధి చివరి వరకే వెళ్తారు గనక కుమారికి ఇదేదీ తెలియలేదు. ఆమె దూది తడిపి అద్దుతుంటే ఆయన వీపు ఒక్కసారి వణికింది, అంతే. 

ఈరోజు రమ్మని ఆమె బతిమాలింది. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు మళ్ళీ చెప్పింది. ఆయన దూడ వంక చూస్తూ విన్నాడు. నాలుగేళ్ళు ఓర్చుకున్నది నాలుగు రోజులు ఓర్చుకోలేదా అన్నాడు. అమ్మకు కొడుకుని నేను ఒక్కడినే కదా అన్నాడు. ఆయన ఎదురు చెప్పే మనిషి కాదు. మెత్తగా కాదంటాడు. ఆ మెత్తదనాన్ని దాటి ఎవరూ పోలేరు.

కుమారి చేతిలో దూది ఆగిపోయింది. కేన్సరని తేలినప్పటినుంచీ ఆమె లోపల ఉన్న మాట బయటికి వచ్చేసింది.

“నానా, మొదట్లో అది నువ్వు నాకే సూపించేవు.”

ఆయన తల తిప్పలేదు.

అప్పుడు ఆమెకు డిగ్రీ ఆఖరి సంవత్సరం పరీక్షలు. ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలో ఎవరు ఏ మాత్ర మింగాలన్నా ముందు అట్ట మీది ఇంగ్లీషు కుమారి చదవాలి. ఆ ఇంటికి మొదటి చదువు ఆమెది. అప్పలసూరి పొలంనుంచి వచ్చి, కండువా పక్కకు లాగి, ఇదేటో సూడమ్మా అన్నాడు. ఆమె పుస్తకంలోంచి తలెత్తి పది లెక్కపెట్టేంతసేపు చూసింది. తామర అంది. మర్నాడు మెడికల్ షాపునుంచి ఒక ఆయింట్‌మెంట్ గొట్టం తెచ్చి, దాని మీద రాసి ఉన్నదంతా గట్టిగా చదివి వినిపించింది. సుభద్రమ్మ ఎంత మురిసిపోయిందో. అయిపోయిన గొట్టాన్ని కూడా కత్తెరతో కోసి, గోటితో గీకి కొడుకు భుజానికి రాసింది.

“తామర కాదు నానా అది. నాకు తెలీదని సెప్పి ఉండాల్సింది. నాకు తెలీదు అనడం నాకు చేతకాలేదు.”

దూడ మెడలో మువ్వ కదిలింది. 

“తెల్సు నాకు” అన్నాడు అప్పలసూరి. “డాక్టరమ్మ అడిగింది గదా, మొదట్లో ఏటి రాసేవని. అపుడే తెలిసింది నాకు. ఆకుపసరు రాసేనని సెప్పేను.”

“ఎందుకలా సెప్పేవు?”

“నువ్వు పక్కనే నిలబడున్నావు గదే.”

కుమారి కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఆ గొట్టం అయిపోనాక నువ్వు మళ్ళీ అడుగుతావని సూసేను. అడగలేదు. సదువుకున్న గుంట అడగలేదంటే తగ్గుతన్నాదనే అనుకున్నాను” అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం ఏ మూలా లేదు. అది ఉండి ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది.

ఆమె ఏడుస్తూనే కట్టు కట్టింది. ముడి రెండుసార్లు జారిపోయింది. అప్పలసూరి ఎడమచెయ్యి వెనక్కి చాపి, ఆ ముడి కొసను తన వేలితో అదిమి పట్టాడు. ఆమె ముడి వేసింది. ఆయన ఆ తడి ముఖాన్ని ఒకసారి చూశాడు.

“నానిక్కడ కూకుంటే దీన్ని నువ్వు జన్మంతా మోస్తావు” అన్నాడు. “మా అమ్మని మోసేను, దించేను. ఆవిడ ఎల్లిపోనాది. నువ్వు ఇంకా ఉండాల. సొక్కా తే.”

ఇంటి ముందు ఆటో వచ్చి ఆగేసరికి పోతురాజు అరుగు దిగి నిలబడ్డాడు. అప్పలసూరి మెడలో తువ్వాలు తీసి గిరిబాబు మెడలో వేశాడు. గిరిబాబు దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఎక్కడ చూడాలో తెలియక నేల చూశాడు.

“ఒరే సూరీ. దాటితే మళ్ళీ రాదురా ఇది” అన్నాడు పోతురాజు. గొంతులో కోపం లేదు.

“తెల్సు అన్నా” అన్నాడు అప్పలసూరి.

దేముడమ్మ గుమ్మంలోంచి మజ్జిగ సీసా తెచ్చి కూతురి సంచిలో పెట్టింది.  కొడుకు వైపు తిరిగి, అందరికీ వినిపించేలా అంది.

“మంగళారం ముద్ద పెట్టినపుడు మీ మామ్మకి సెప్పు. మీ నాన పంపేడని సెప్పు.”

అప్పలసూరి ఆటోలో కూర్చున్నాక ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. రామతీర్థం కొండ కనుమరుగయ్యేదాకా కళ్ళు మూసుకునే ఉన్నాడు. పొలిమేర రాయి దాటినప్పుడు ఆయన ఎడమచెయ్యి గుండె మీదికి వెళ్ళడం కుమారి చూసింది. విజయనగరంలో బస్సు ఎక్కాక, ఈపాటికి కాకులకు మెతుకులు వేసి ఉంటారా అని అడిగాడు. వేసి ఉంటారంది. 

ఆస్పత్రిలో త్రినాథ్ ఎదురొచ్చి, వచ్చేరా బాబాయ్ అని భుజం మీది కట్టు విప్పాడు. విప్పినవాడు దాన్ని అలాగే వదిలి వెళ్ళి డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు.

అనిత పుండు అంతా చూసింది. చిట్లిన చోటు పక్కన పెడితే మిగతాది ఇంకా కుంగే ఉంది, కరెంటు పనిచేస్తూనే ఉంది అంది. కుమారికి ఆరు రోజుల తరువాత గట్టిగా ఊపిరి ఆడింది. డాక్టరమ్మ ఆయన చెయ్యి ఎత్తించి, చంకలో వేళ్ళు పెట్టి నొక్కింది. వేళ్ళు ఒకచోట ఆగాయి. కొంచెం పక్కకు వెళ్ళి, మళ్ళీ అక్కడికే వచ్చి ఆగాయి.

ఆమె కుమారిని వరండాలోకి తీసుకెళ్ళింది.

“చంకలో గడ్డ తగులుతోంది. కిందటి వారం నా చేతికి ఇది తగల్లేదు.”

“ఈ ఆరు రోజుల్లోనే వచ్చిందాండీ?”

“అలా చెప్పలేనమ్మా. లోపల ఎప్పటినుంచో ఉండి ఇప్పుడు తెలియవచ్చు. పుండు చిట్లి చీము పట్టినా గడ్డ కడుతుంది. రేపు సూదితో తీసి పరీక్షకు పంపుదాం.”

“జబ్బే అయితే?”

అనిత తలుపు దగ్గరికి వేసింది. జబ్బే అయితే ఈ కరెంటు ఒక్కటే చాలదంది. జబ్బుతో పోరాడే శక్తిని ఒంట్లోంచే తట్టి లేపే ఇంజెక్షన్లు ఉన్నాయి, మూడు వారాలకొకటి ఇవ్వాలి, కొందరికి ఆశ్చర్యపోయేలా పనిచేస్తాయి, కొందరికి అసలు చెయ్యవు. అదీ కాకపోతే చెయ్యి తియ్యడం గురించి మళ్ళీ మాట్లాడుకోవాలి. చెప్పవలసినదంతా చెప్పి ఫైలు తెరిచింది.

కుమారి గోడకు ఆనుకుంది. “అందులో ఒకటి తప్పు రాసి ఉందండీ. నాన్న మొదట రాసింది ఆకుపసరు కాదు. తామర మందు. నేనే చూసి, నేనే తెచ్చాను.”

డాక్టరమ్మ కలం ఆగింది. ఆమె కుమారి వంక చూసింది గాని ఓదార్పుమాట చెప్పలేదు, నిందించనూ లేదు. ఆ పాత మాట కొట్టేసి పైన కొత్తది రాసుకుంది. సిట్టింగు ఈ రోజు ఆపొద్దు, పుండు కడిగి గీతలు మళ్ళీ గీయమని త్రినాథ్‌కు చెప్పి వెళ్ళింది.

అప్పలసూరి బల్ల మీద పడుకున్నాడు. త్రినాథ్ ఊదారంగు కలంతో భుజం చుట్టూ గీతలు గీస్తుంటే, ఆయన కుమారిని దగ్గరికి పిలిచి డాక్టరమ్మ ఏమందని అడిగాడు. పనిచేస్తోందంది నానా అంది కుమారి. అది నిజమే. ఆమె అంతవరకే చెప్పిందని ఆయనకు తెలిసింది. తెలిసినట్టు ఆమెకూ తెలిసింది.

“ఇంకోటి కూడా ఏదో ఉన్నాదేటే” అన్నాడు.

బయటికి రావాలమ్మా అన్నాడు త్రినాథ్. మందమైన ఆ ఇనుప తలుపు నెమ్మదిగా మూసుకుంది. పైన ఎర్రదీపం వెలిగింది.

చదువుతున్న మీకు ఒక మనవి. ఆ తలుపు మూశాక లోపల ఎవరూ ఉండకూడదు. కూతురైనా సరే, కరెంటు పెట్టేవాడైనా సరే, బయటికి వచ్చి నిలబడాల్సిందే. వెనక ఊళ్ళో ఆయన పెట్టాల్సిన ముద్ద ఆయనది కాకుండా పోయింది. ముందు ఏముందో ఎవరూ ఆయనకు చెప్పలేదు. ఊపిరి కూడా మెల్లగా తీసుకోమన్నారు గనక, కదిలితే కూతురికి మాట వస్తుందేమోనని, ఆయన కళ్ళు పైకప్పుకు నిలిపి రాయిలా పడుకుని ఉన్నాడు. ఈ పేజీ మడిచేముందు అప్పలసూరిని ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆ గదిలో ఆయనకు వేరే తోడు లేదు.